పాడైన ఎయిర్ గన్ గోడకెక్కొద్దు

మా బావ ఒకాయన హైదరాబాద్‌లో కొత్తిల్లు కట్టుకున్నాడు. హాల్లో ఒక గోడ బోసిగా మిగిలిపోయిందట. "మీ పెద్దబాపు ఎయిర్ గన్ మూలకు పడి ఉంది గదా బావా, నాకియ్యరాదు? మంచిగ పాలిష్ కొట్టించి తగిలిస్త. ఎట్లాగూ పని చెయ్యదాయె" అని ఫోన్ చేశాడు. అలా ఎవరో తగిలించుకున్న తుపాకీ ఫొటో కూడా పంపాడు. ఇత్తడి తళతళలాడుతోంది. పైనుంచి చిన్న లైటు, కింద గాజు అర. చూడటానికి బాగానే ఉంది, అబద్ధమెందుకు.

ఇవ్వనన్నాను. పెద్దబాపు గుర్తు కాబట్టి ఇవ్వడం లేదనుకున్నాడు, నేనూ కాదనలేదు. నిజానికి నా పేచీ ఆ చివరి మాటతో. 'ఎట్లాగూ పని చెయ్యదు' అన్న ధీమాతో ఇంట్లో ఉంచుకునే ఎయిర్ గన్ కంటే, పని చేస్తుందని ఇంటిల్లిపాదికీ తెలిసిన ఎయిర్ గనే నయం. ఉంచుకుంటే బాగు చేసి ఉంచుకోవాలి. అంత ఓపిక లేకపోతే లోపలి వాల్వు మొత్తం పీకేసి, ఇక అది ఎన్నటికీ పేలదన్నంత ఖాయం చేసుకుని గోడకు కొట్టుకోవాలి. ఈ రెండూ కాకుండా అటకల మీద, బీరువాల వెనక పడి ఉండే పాత తుపాకులతోనే అసలు తంటా.

మా ఇంట్లో ఉన్నది బెంజమిన్ 317. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో తయారైన సరుకు. ఆ వరుస తుపాకులు 1940లలో మొదలై 1960ల చివరి దాకా వచ్చాయి. హైదరాబాద్‌లో ఎవరో సామాను అమ్ముకుని పోతుంటే పెద్దబాపు కొన్నాడంటారు. అంతకు మించి వివరం చెప్పేవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. మన దగ్గర మామూలుగా కనబడే, బ్యారెల్ మడిచి స్ప్రింగు ఎక్కించే రకం కాదిది. బ్యారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది, దానికి చెక్క హ్యాండిల్. హ్యాండిల్ తెరిచి మూసిన ప్రతిసారీ కొంత గాలి లోపలి గదిలోకి చేరుతుంది. మూడు కొడితే మెల్లగా, ఎనిమిది కొడితే జోరుగా పోతుంది.

టిక్కుమన్నంత మాత్రాన ఖాళీ కాదు

దసరాకి ఇంటికొచ్చిన పిల్లలు దాన్ని అటక మీంచి దించారు. ఒకడు పోలీసు, ఒకడు దొంగ. పోలీసు వెళ్లి దొంగ రొమ్ముకు ఆనించి ట్రిగ్గర్ లాగాడు. టిక్ మంది, అంతే. నేను కేకేసేసరికి మా చిన్నమ్మ నన్నే కసిరింది. "ఊకో బిడ్డా, అది ఎన్నడో సచ్చింది. పండుగ పూట పోరగాండ్లను బెదరగొడ్తవెందుకు?"

ఆ మాట ఆమె ఒక్కతే అన్నది కాదు. ఇంట్లో అందరి నమ్మకమూ అదే. ఆ వారంలోనే పంపు రాడ్డు మీదున్న, నూనె పీల్చుకునే ఫెల్టు ముక్కకు నాలుగు చుక్కల నూనె పట్టించి, కాసేపు ఊరనిచ్చి, హ్యాండిల్ కొట్టి చూశాను. మొదట వదులుగా ఆడింది, తర్వాత తర్వాత బిగిసింది. పెరట్లో పాత నూనె డబ్బా పెట్టి కాలిస్తే డబ్బాకి సొట్ట పడింది. ఏళ్ల తరబడి చచ్చిందనుకున్న దానికీ ప్రాణానికీ మధ్య ఉన్న దూరం నాలుగు చుక్కల నూనె. పిల్లల్లో ఒకడు కుట్టుమిషన్ నూనె సీసా చూసి ఉంటే చాలు.

అసలు పంపు తుపాకీలో గాలి ఉందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. అన్నిటికంటే కంగారు పెట్టే సంగతి ఇంకొకటి. ట్రిగ్గర్ లాగితే లోపల ఒక చిన్న సుత్తి వెళ్లి వాల్వుని తడుతుంది. వాల్వు ఒక్క క్షణం తెరుచుకుని గాలి పెల్లెట్ (చిన్న గుండు) వెనక్కి దూకుతుంది. పరిమితికి మించి పంపులు కొడితే లోపలి గాలి వాల్వుని ఎంత బలంగా నొక్కి పడుతుందంటే, సుత్తి దెబ్బకు అది తెరుచుకోదు. అప్పుడు కూడా వినపడేది టిక్కే. సుత్తి స్ప్రింగు సడలిపోయిన పాత తుపాకీలో మామూలు పంపులకే ఇలా కావచ్చు. వాల్వు సగమే తెరుచుకుని, ఒకసారి పేలాక కూడా లోపల ఇంకో గుండుకు సరిపడా గాలి మిగలనూ వచ్చు. చూసేవాడు 'పాడైంది' అనుకునే ఆ టిక్కు, గది ఖాళీగా ఉన్నప్పుడూ వస్తుంది, నిండా బిగిసి ఉన్నప్పుడూ వస్తుంది.

గోడకు ఎత్తులో తగిలిస్తే పిల్లలకు అందదు గదా అన్నాడు మా బావ. నిజమే. పిల్లలకు అందదు, చుట్టాలకు అందుతుంది. తుపాకీ చేతికొస్తే పెద్దమనుషులు కూడా మొదట చేసే పని ఒకటే. ఒక కన్ను మూసి ఎదుటివాడి మీదికి గురిపెట్టి, నవ్వుతూ ట్రిగ్గర్ లాగడం. మన నల్లగొండ జిల్లా ఇళ్లలో తుపాకీ అనగానే బర్మార్ల (నాటు తుపాకుల) కథలు, దళాల కథలు మొదలవుతాయి, చూపించడానికి చేతులు ఊరుకోవు. పనిచేసే తుపాకీ అని తెలిస్తే ఆ చెయ్యే కొంచెం కిందికి దిగుతుంది. నా వాదనంతా ఆ కొంచెం మీదే ఆధారపడి ఉంది.

పాలిష్ సంగతి కూడా చెప్పాలి. ఈ తుపాకులు పుట్టడమే పచ్చటి ఇత్తడి రంగుతో పుట్టలేదు. ఇత్తడి మీద నికెల్ పూత, దాని మీద నల్ల పూత. చెయ్యి ఆడిన చోటల్లా మొదట నలుపు పోయి, తర్వాత తెలుపు పోయి, ఇత్తడి బయటపడుతుంది. పెద్దబాపు ఎడమచెయ్యి ఎక్కడ పట్టేవాడో ఆ మచ్చలే చెబుతాయి. బఫింగ్ చక్రం పెడితే అవన్నీ ఒక్క పూటలో పోతాయి. ఇది నా సెంటిమెంటు, వాదనలో భాగం కాదు.

బోరింగు మెకానిక్‌కి తెలిసిన విద్య

బాగు చేయాలని అనుకున్నాక ఎక్కడికి తీసుకెళ్లాలన్నది సమస్య. నల్లగొండలో అడిగితే హైదరాబాద్ పొమ్మన్నారు. హైదరాబాద్‌లో అడిగితే "దీనికి పార్టులు రావు సార్, కొత్తది కొనుక్కోండి" అన్నారు. చివరికి దారి చూపింది మర్రిగూడ వైపు ఊళ్లో ఉండే ఒక బోరింగుల మెకానిక్. ఫ్లోరైడు నీళ్ల కాలంలో మండలంలో ఇండియా మార్క్-2 చేతిపంపులన్నీ ఆయన చేతి మీద నడిచినవే. ఇప్పుడు భగీరథ నల్లాలు వచ్చాక చేతిపంపులు ఊరికే నిలబడి ఉన్నాయి, ఆయనకు పని తగ్గింది. నేను వేరే పనిమీద వెళ్లి మాటల్లో ఈ తుపాకీ గొడవ చెప్తే, "హ్యాండిల్ కొట్టినంక మళ్ల పైకి లేస్తుందా సారూ?" అని అడిగాడు.

లేస్తుంది. మూసి వదిలితే దానంతటదే నాలుగు వేళ్ల ఎత్తు తెరుచుకుంటుంది.

"అయితే కింది వాల్వు పట్టుకుంటలేదు. వాచర్ గురించి తర్వాత సూద్దాం" అన్నాడు, తుపాకీ ముఖం కూడా చూడకుండా.

నాకు ఈ విషయంలో నచ్చింది ఇదే. చేతిపంపులో పిస్టన్‌కి తోలు కప్పు వాషర్లు, సిలిండర్ అడుగున నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటాయి. తర్వాత తోలుకి బదులు రబ్బరు కప్పులు వచ్చాయనుకోండి. కప్పు అరిగితే హ్యాండిల్ తేలిగ్గా ఆడుతుంది, నీళ్లు సన్నగా వస్తాయి. అడుగు వాల్వు కారితే రాత్రికి పైపులో నీళ్లు దిగిపోయి, పొద్దున్నే నీళ్లు అందడానికి చాలాసేపు కొట్టాలి. తుపాకీలో నీళ్లకి బదులు గాలి, అంతే తేడా. హ్యాండిల్ ఏ బిగువూ లేకుండా ఆడితే పిస్టన్ కొసనున్న కప్పు ఎండిపోయిందో చిరిగిందో. హ్యాండిల్ తిరిగి లేస్తే, గదిలోకి పోయిన గాలి లోపలి వాల్వు దాటి పంపు గొట్టంలోకి వెనక్కి వస్తోందన్నమాట. బిగువు బాగానే ఉండి, కొట్టాక బ్యారెల్ కొస నుంచి సన్నగా సుయ్యిమంటే బయటి వాల్వు కారుతోంది. గాలి నిలిచి, సుయ్యి శబ్దమూ లేక, గుండు మాత్రం నీరసంగా పోతే సుత్తి స్ప్రింగునో, సుత్తికి అడ్డంపడ్డ ఎండిన గ్రీజునో అనుమానించాలి.

బ్యారెల్ కొసన కారుతోందో లేదో చూడటానికి చెవి పెట్టి వినేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, కొసకి సబ్బు నురగ రాస్తే బుడగ లేస్తుంది. మా మెకానిక్ అదే చేశాడు. బుడగ రాలేదు, అంటే బయటి వాల్వు గట్టిదే.

ఇంకొక చిన్న కిటుకుంది, తెలియక ఎంతోమంది మంచి తుపాకీని విప్పేస్తారు. చాలా పాత పంపు తుపాకుల్లో సుత్తిని వెనక్కి లాగకుండా పంపు కొడితే మొదటి గాలి నిలవదు. సుత్తి వాల్వు కాడ మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి వాల్వు పూర్తిగా కూర్చోదు. ముందు బోల్టు (సుత్తిని వెనక్కి లాగే పిడి) లాగి, ఆ తర్వాత కొడితే గదిలో చేరిన గాలే వాల్వుని నొక్కి మూస్తుంది. 'గాలి నిలుస్తలేదు' అని మూలన పడేసిన వాటిలో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. అంటే చూడండి, వాటికి అసలు ఏ రోగమూ లేదు. సరిగ్గా వాడటం తెలిసినవాడి చేతిలో పడిన క్షణాన పేలతాయి.

ఆయనా నేనూ గొడవపడింది ఒక్కచోటే. వాల్వుని బయటికి తీయాలంటే గొట్టం లోపల మరతో బిగించి ఉన్న నట్టు మీది గాడికి సరిపడే ప్రత్యేకమైన పానా కావాలి. అది మన బజార్లో దొరకదు. ఉలి పెట్టి తట్టి తిప్పుదామన్నాడు. వద్దన్నాను, ఇత్తడి మెత్తన, గాడి అంచు లేచిపోతే ఇక ఏ పానాకీ పట్టు దొరకదు. మిర్యాలగూడలో రైసుమిల్లుల పనులు చేసే లేత్ షాపుకి తీసుకెళ్తే, ఇనప పైపు ముక్క కొసన రెండు పళ్లు వదిలి చెక్కి, అడ్డంగా రాడ్డు వెల్డింగ్ చేసి ఇచ్చారు. పానా తయారవ్వడానికి పట్టిన సమయం కంటే, అక్కడ ఇంకో కుర్రాడు గ్యాస్ టార్చ్ తెచ్చి "జామైనట్టుంది సార్, కొంచెం వేడి చేద్దాం" అంటే ఆపడానికి పట్టిన సమయమే ఎక్కువ. ఈ తుపాకీలో బ్యారెల్, పంపు గొట్టం రెండూ టంకంతో అతికి ఉంటాయి. టార్చ్ మంట తగిలితే టంకం కరిగి రెండూ విడిపోతాయి, మళ్లీ తిన్నగా అతికించడం మామూలు చేతుల వల్ల కాదు. గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, లోపల గాలి లేదని ఖాయం చేసుకున్నాకే పానా పెట్టాలి.

వాల్వు బయటికి వచ్చాక చూస్తే మెకానిక్ అన్నదే నిజం. లోపలి వాల్వు ముఖం మీద గుంట పడి ఉంది, అందులో నల్లటి మడ్డి. ఎప్పుడో పట్టించిన నూనె, దుమ్ము కలిసి గట్టిపడినట్టుంది. గట్టి నైలాన్ రాడ్డులోంచి అదే కొలతకు కొత్తది తీయించాం.

తంగేడు, ఆముదం

పిస్టన్ కొసనున్న తోలు కప్పు నూనెకు కొంత లేచింది గానీ అంచు ఒకచోట చీలి ఉంది. సైకిల్ పంపు వాషర్ వేస్తే చాలదా అని చాలామంది అన్నారు. స్టవ్ వాషరూ తెచ్చి చూశాం. ఒకటి వదులు, ఒకటి బిగువు. పైగా అవి పల్చన. సైకిల్ పంపు ఓర్చుకునే ఒత్తిడి వేరు, దీని ఒత్తిడి వేరు.

కాబట్టి కప్పు కొత్తగా చేయాల్సిందే. ఇక్కడే తోలు మీద నాకొక పాఠం దొరికింది. చెప్పుల షాపుల్లో ఇప్పుడు దొరికే తోలు చాలావరకు క్రోమ్‌తో శుద్ధి చేసింది. మెత్తగా ఉంటుంది, తడిపి అచ్చులో నొక్కినా ఆరాక మళ్లీ చదునవుతుంది. కప్పు ఆకారం నిలవాలంటే చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు కావాలి. ఒకప్పుడు మన దగ్గర తంగేడు బెరడుతోనే తోళ్లు శుద్ధి చేసేవాళ్లు. ఇప్పుడు తంగేడు మనకు రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చుకుంటాం, తోలు పని సంగతి మాత్రం గుర్తు పెట్టుకున్నవాళ్లు తక్కువ. చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర పాత డప్పు వార్లు, చర్నాకోల వార్ల కోసం దాచుకున్న బెరడు తోలు ముక్క దొరికింది.

తోలుని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, లేత్ మీద చేయించిన ఇత్తడి అచ్చులో బోల్టుతో మెల్లమెల్లగా బిగించి, నీడన ఆరబెట్టి, అంచుని బ్లేడుతో సమం చేశాం. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది, పగుళ్లూ అంతే తొందరగా వస్తాయి. తర్వాత నూనెలో ఊరేయాలి. ఏ నూనె?

మెకానిక్, చెప్పుల పెద్దాయన ఇద్దరూ ఒకే మాట: ఆముదం. మా నల్లగొండ వైపు ఆముదం చాలా పల్లెల్లో పండేది. బండి ఇరుసుకీ, తోలు చెప్పులకీ, తలకీ అదే. తోలుని ఆముదం మెత్తబరచినట్టు ఇంకేదీ మెత్తబరచదన్నది నిజమే. కానీ ఆముదం కొన్నాళ్లకు జిగురవుతుంది. ఆ జిగురు దుమ్ముని పట్టుకుంటుంది, ఆ దుమ్మే వాల్వు ముఖం మీద కూర్చుంటుంది. మేం విప్పి చూసిన మడ్డి అదే కాదని ఎవరు చెప్పగలరు? ఈ తుపాకులు వాడేవాళ్లు సాధారణంగా చెప్పేది డిటర్జెంట్ కలపని 30 గ్రేడు ఇంజిన్ ఆయిల్. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అవి లోపలి రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడు చేస్తాయి. చివరికి కప్పుని ఆముదంలోనే ఊరేసి, బాగా తుడిచి బిగించి, ఆ తర్వాత ఫెల్టుకి మాత్రం 30 గ్రేడు ఆయిల్ వాడుతున్నాను. రాజీ అనుకోండి. ఈ రెండూ కలిసి లోపల ఏం చేస్తాయో కాలమే చెప్పాలి.

తోలు బదులు గట్టి ప్లాస్టిక్ కప్పు వేస్తే ఈ నూనెల గొడవే ఉండదని లేత్ షాపు యజమాని అన్నాడు. ఆయన అన్నది సబబే. ఈ కంపెనీ తుపాకులకి అలాంటి కప్పులు విదేశాల్లో తయారై అమ్ముతున్నారు కూడా. తోలుని ఎంచుకోవడానికి నాకు పెద్ద సిద్ధాంతమేమీ లేదు. చినిగితే మళ్లీ ఇక్కడే చేసుకోవచ్చు, అంతే.

ఎంత జోరు కావాలి?

తుపాకీ లేచాక అందరూ అడిగిన మొదటి ప్రశ్న "ఎంత దూరం పోతది?" రెండోది "ఇంకొంచెం గట్టి స్ప్రింగు వేయిస్తే?" లేత్ షాపులో అయితే బోరు కొంచెం పెంచి, గది పెద్దది చేద్దామని కాగితం మీద బొమ్మ కూడా గీశారు. బాగు చేయడం అంటే మనవాళ్లకు ఉన్నదానికంటే బలంగా చేయడం. మోటారుకి వైండింగు చేయిస్తే కూడా కొంచెం పెద్ద తీగ వేయమంటాం.

ఇందుకు చట్టం ఒప్పుకోదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ గన్ బోరు 4.5 మిల్లీమీటర్లు దాటినా, గుండు శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. మాది 4.5 బోరు కాబట్టి బతికిపోయింది. ఇదే కంపెనీ ఇదే ఆకారంలో తీసిన 312 మోడల్ 5.5 బోరు, అది ఇంట్లో ఉంటే లైసెన్సు గుమ్మం తొక్కాల్సిందే. మీ ఇంట్లో పాతది ఏదైనా ఉంటే రిపేరు మాట అటుంచి ముందు బోరు కొలత చూసుకోండి. బోరు పెంచుదామన్న లేత్ షాపు వాళ్లకి ఈ సంగతి చెప్తే, "గాలి తుపాకీకి కూడానా?" అని ఆశ్చర్యపోయారు. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పడం చూసి, దీన్నీ ఇచ్చి రమ్మని మా ఇంట్లో కంగారుపడేవాళ్లు ఇంకో వైపు.

చట్టాన్ని పక్కన పెట్టినా జోరు ఎందుకో నాకు అర్థం కాదు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారం కొట్టింది, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు తెచ్చింది పది మీటర్ల దూరంలోని కాగితం మీదే. ఆ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మా పెరడు గోడ దాకా పది మీటర్లుంటుంది. దానికి మూడు, నాలుగు పంపులు చాలు. ఎనిమిది కొట్టినప్పుడు నా భుజం నొప్పెట్టడం, పిన్నుల దగ్గర హ్యాండిల్ కిర్రుమనడం తప్ప కాగితం మీద తేడా ఏమీ కనబడలేదు. ఆ పిన్నులు అరిగి ఉన్నాయి. అరిగినకొద్దీ పిస్టన్ వాల్వు ముఖం దాకా పూర్తిగా రాదు, ఆ సందులో మిగిలిన గాలి గదిలోకి పోదు. బలం కోసం ఆరాటపడేవాళ్లు ముందు ఆ పిన్నులు మారిస్తే మేలు.

కోతులు

నా వాదనకి గట్టి దెబ్బ తగిలింది మాత్రం ఊళ్లోనే. తుపాకీ పనిచేస్తోందని తెలిసిన వారం తిరగకుండానే బత్తాయి తోట ఉన్న మా మేనమామ వచ్చాడు. "అల్లుడూ, కోతులు కాయ నిలువనిస్తలేవు. ఒక్కరోజు ఇయ్యి, ఊకె బెదిరిస్త." ఆయన వెనకే పల్లి చేను ఉన్న ఇంకొకరు. తుపాకీ చచ్చి ఉన్నన్నాళ్లూ ఇలా ఎవరూ రాలేదు. అంటే బాగు చేసి నేను ఒక ప్రమాదం తీసేసి ఇంకో ప్రమాదాన్ని ఇంట్లోకి తెచ్చానా?

ఈ ప్రశ్నకి నా దగ్గర సుఖంగా చెప్పగలిగే జవాబు లేదు. కోతుల బాధ అబద్ధం కాదు. కూరగాయలు వేయడం మానేసిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. బెదిరించడానికి అని తీసుకెళ్లినవాడు మొదటి రోజు గాల్లోకి కాలుస్తాడు. కోతులు రెండో రోజుకే ఆ శబ్దానికి అలవాటు పడతాయి. మూడో రోజు వాడు వాటి మీదికే కాలుస్తాడు. నాలుగు పంపుల పెల్లెట్ కోతిని చంపదు, కన్ను పోగొడుతుంది, చర్మం కింద దిగి పుండవుతుంది. మూగజీవాలని హింసించడం 1960 నాటి చట్టం కిందే నేరం, పిట్టల జోలికి పోతే వన్యప్రాణి చట్టం వేరే ఉంది. ఇవన్నీ మేనమామకి చెప్తే "నా బత్తాయిలకి ఏ చట్టం ఉందిరా?" అన్నాడు. దానికి నేనేం చెప్పను.

ఇవ్వలేదు. ఆయన ఇంకా కొంచెం మొహం మాడ్చుకునే ఉన్నాడు. అయినా నా అభిప్రాయం మారలేదు, ఎందుకంటే ఇది అడిగి తీసుకెళ్లే ప్రమాదం. అడిగితే కాదనొచ్చు, తాళం వేయొచ్చు, ఇంట్లో చర్చ పెట్టొచ్చు. దసరా నాటిది అడగని ప్రమాదం. అందరూ లేదనుకున్నదానికి తాళం ఎవరు వేస్తారు? ఇప్పుడు తుపాకీ మా బీరువాలో, పెల్లెట్ల డబ్బా వేరే గదిలో. ఆదివారాలు మా అన్న కొడుకు కాగితం మీద కాలుస్తాడు, నేను పక్కన ఉంటేనే. వాడికి మొదట నేర్పింది గురి కాదు. చేతికి తీసుకోగానే బోల్టు తెరిచి పెల్లెట్ ఉందో లేదో చూడటం, గోడ వైపు తిప్పి పట్టుకోవడం. చచ్చిన తుపాకీతో వాడికి ఈ అలవాటు నేర్పగలిగేవాణ్ణా?

ఒక్క పంపు గాలి

చివరిగా ఒక సంగతి మిగిలిపోయింది, దీని మీద ఇప్పటికీ మెకానిక్‌తో నాకు పడదు. ఈ పంపు తుపాకులని దాచేటప్పుడు ఒకటో రెండో పంపుల గాలి లోపల ఉంచాలని పాతకాలం నుంచీ చెబుతారు. గాలి ఉంటే వాల్వులు తమ ఆసనాల మీద గట్టిగా కూర్చుని ఉంటాయి, దుమ్ము చేరదు, ముఖాలు పాడవవు. సాంకేతికంగా ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. "బోరింగుల నీళ్లు నిలిచి ఉంటనే వాచర్ బతుకుతది సారూ, ఎండవెడితే పోతది" అని ఆయనా అదే అంటాడు. మా తుపాకీ లోపలి వాల్వు పాడవడానికి ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటమే కారణం కావచ్చు కూడా.

మరి ఒక పంపు గాలితో బీరువాలో ఉన్న తుపాకీ సగం నిండినదే గదా? పెల్లెట్ లేదు, సుత్తి లాగి లేదు, పేలదు. తెలుసు. అయినా ఈ వ్యాసమంతా లోపల ఏముందో తెలియని తుపాకీ ఇంట్లో వద్దని రాసి, చివరికి గాలి నింపి దాచమని చెప్పలేను. కొన్నాళ్లు ఆయన మాట విని ఒక పంపుతో ఉంచాను. రాత్రిళ్లు అదే గుర్తొచ్చేది, టెన్షన్. ఇప్పుడు ప్రతి ఆదివారం చివర్న ఖాళీ చేసి, బోల్టు తెరిచి చూసి, బ్యారెల్ కొసకి గుడ్డ చుట్టి లోపల పెడుతున్నాను. వాల్వుకి దుమ్ము పడితే పడనీ.

"రెండేండ్లకు మళ్ల కారుతది, సూడుండ్రి" అంటాడాయన. కారొచ్చు. విప్పడానికి పానా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది.